ప్లగ్గు తడా, పొడా?

"తొయ్యకుండ్రి! ఎవ్వరు చెయ్యి పెట్టకుండ్రి! బండిని గట్లనే ఉంచుండ్రి!"

అరుస్తూ గోపాలకృష్ణ సైకిలు మీంచి దూకాడు. స్టాండు వెయ్యడం మరిచిపోయాడు కాబట్టి సైకిలు పడిపోయింది. అతని మాట మాత్రం ఎవరూ వినలేదు.

నయాపూల్ పక్కన, హైకోర్టు గేటు ముందు, పాత నల్ల కారొకటి అడ్డంగా నిలిచిపోయి ఉంది. వెనక జడ్జిగారి కారు, టాంగాలు, రిక్షాలు, పుచ్చకాయల బండి, వాటన్నిటికీ వెనక హారన్ మోగిస్తూ ఒక బస్సు. మే నెల సాయంత్రం, ఎండ ఇంకా తగ్గలేదు. పాతబస్తీలో కారు ఆగిపోతే సాయానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. అత్తరు అమ్మే ఆయన, పుచ్చకాయలాయన, వకీళ్ల గుమాస్తాలు అప్పటికే వెనక చేరి నడుములు వంచారు.

స్టీరింగు ముందున్న అమ్మాయి కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఎవరయ్యా నువ్వు? తొయ్యొద్దంటవేంది?"

"ఒక్క ప్లగ్గు ఊడదీసి చూస్త. ఒక్క నిమిషం!"

"వెనక బస్సు లొల్లి పెడుతున్నది, వినొస్తలేదా? నిమిషమట నిమిషం! తొయ్యుండ్రి భాయ్, మీరు తొయ్యుండ్రి!"

తోశారు. కారు దగ్గింది, మళ్లీ దగ్గింది, ఒక్కసారిగా ఊపందుకుంది. వెళ్తూ వెళ్తూ నల్లటి పొగంతా గోపాలకృష్ణ తెల్లచొక్కా మీద వదిలి వెళ్లింది. వెనక సీట్లో నల్లకోటు పెద్దమనిషి కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు, తను చూడకపోతే ఎవరూ తనను చూడరని నమ్ముతున్నట్టు.

గోపాలకృష్ణ కారు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు. చూసింది కారునా, అమ్మాయినా అని మీరు అడగవచ్చు. ఆ రోజుకి మాత్రం కారునే. అమ్మాయి సంగతి తర్వాత.

ఆ అమ్మాయి పేరు అహల్య. మాదన్నపేటలో ఉండే వకీలు వామన్‌రావు ఒక్కగానొక్క కూతురు. తల్లి లేదు. మేనత్త రాధాబాయి పెంచింది. వామన్‌రావుకు చూపు మందగించి కారు నడపడం మానేశాక డ్రైవరు గుండయ్య నడిపేవాడు. గుండయ్య ఊరికి వెళ్లి అక్కడే వ్యవసాయంలో పడిపోయాడు. అప్పుడు అహల్య స్టీరింగు పట్టుకుంది. మొదట్లో వీధివీధంతా గడపల్లోకి వచ్చి చూసింది. తర్వాత అలవాటు పడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రాధాబాయి తీర్పు చెప్పేసింది.

"గుండయ్య ఉన్నన్ని దినాలు ఎన్నడన్న ఆగిందా? ఆడపిల్ల చేతిల పెడితే గిట్ల గాక ఎట్లయితది?"

వామన్‌రావు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "జడ్జి సాబ్ కారు మన వెనకనే ఆగింది, అహల్యా. ఇన్నేండ్ల వకాలత్‌ల నేను గంత సిగ్గుపడలే. కోర్టు ఎండాకాలం సెలవులకు మూసే లోపల ఈ లొల్లి తేలాలె. లేకుంటే సికింద్రాబాద్ సేటు అడుగుతనే ఉన్నడు, బండి ఇచ్చేస్త. నాకు రిక్షా చాలు."

"తప్పు బండిదైతే, బాపూ?"

"బండిదని రుజువు చెయ్యి. ఊకె అంటే కుదరదు. సాక్ష్యం కావాలె."

అహల్యకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కారు ఉంటేనే ఆమెకు గడప దాటే పని ఉంది. తండ్రికి కళ్లు తనే అనే గర్వం ఉంది. చార్మినార్ పక్కనుంచి పోతుంటే గాజుల దుకాణాల వాళ్లు దారి వదిలి సలాము చెప్తారు. కారు పోతే ఇంట్లో కూర్చోవాలి. అంతకన్నా కష్టమైన మాట ఇంకొకటి ఉంది: చేతకాని చెయ్యి అనిపించుకుని కూర్చోవాలి.

ఆదివారం పొద్దున్నే అత్తను వెనక సీట్లో ఎక్కించుకుని దబీర్‌పురాలోని జహంగీర్ ఉస్తాద్ కార్ఖానాకు బయల్దేరింది.

*

కార్ఖానాలో ఒక లారీ కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. ఉస్తాద్ కేకేశాడు. కాళ్ల తర్వాత మనిషి బయటికొచ్చాడు.

"నువ్వా!" అంది అహల్య.

"మీరా! నా అంగి ఖరాబ్ చేసింది మీరే గద!"

"అంగి ఉతుక్కుంటే పోతది. నా పరువు ఎట్ల ఉతుక్కోవాలె? బస్సు వెనక నిలబడితే ప్లగ్గు ఊడదీస్తడట!"

జహంగీర్ ఉస్తాద్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "వీడు గోపాలకృష్ణ, బేటీ. శాలిబండ పూజారిగారి కొడుకు. సర్కారు బస్సుల వర్క్‌షాపుల నౌకరి. అయినా ఇతవారం వస్తే నా దగ్గర్నే. ఇక్కడ నేర్చిన పని గద! సరే, బండి బీమారీ తర్వాత చూద్దాం. పహలే చాయ్."

ఉస్తాద్ దగ్గర 'పహలే చాయ్' అంటే ఆషామాషీ కాదు. ముందు కుర్చీలు తుడిపిస్తాడు. ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెప్పిస్తాడు, దాంతో బిస్కెట్లు. రాధాబాయి బయట ఏమీ ముట్టదని ఆమెకు మాత్రం కొబ్బరిబోండాం. చాయ్ తాగుతూ యుద్ధం రోజుల కథలు. కథ సగంలో ఆపితే చెప్పేవాడికీ అవమానం, వినేవాడికీ అవమానం. ఈలోగా కారు రేకుల నీడలో హాయిగా ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది.

కథ ముగిశాక అహల్య స్టార్టరు నొక్కింది. ఒక్క నొక్కుకే ఇంజను అందుకుంది.

"చూసినవా బేటీ? బీమారీ లేదు ఏం లేదు," అన్నాడు ఉస్తాద్.

"చూసినవా?" అంది వెనకనుంచి రాధాబాయి. ఆమె అర్థం వేరు.

అహల్య స్టీరింగు మీద అరచేత్తో కొట్టింది. "ఎప్పుడొచ్చినా గిట్లనే! కోర్టు ముందర మొండికేస్తది. ఇక్కడికొస్తే బుద్ధిమంతురాలైతది. ఏం ఉస్తాద్, మీరంటే భయమా దీనికి?"

గోపాలకృష్ణ బానెట్ మీద చెయ్యి పెట్టాడు. తర్వాత బల్ల మీది ఖాళీ కప్పుల వంక చూశాడు. మళ్లీ బానెట్ వంక చూశాడు.

"ఉస్తాద్, తప్పు చాయ్‌ది."

"క్యా?"

"చాయ్ తాగే లోపల ఇంజను చల్లారుతున్నది. కోర్టు కాడ అట్ల కాదు. వకీల్ సాబ్ గేటు కాడ..."

"మా బాపు బయటికొచ్చి గేటు దగ్గర క్లయింట్లతోని మాట్లాడుతడు," అహల్య అందుకుంది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఇంజను ఆపి నేను కూసుంట. కానీ చల్లారేటంత సేపు కాదు..."

"గాలి ఆడక ఇంకింత ఉడికేటంత సేపు! రోగం వేడి మీదనే ఉన్నది. మనం చల్లారినంక నాడి పట్టుకుంటున్నం."

ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తి చేశారని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇద్దరూ ఒకేసారి ఉస్తాద్ వైపు తిరిగారు. తప్పించుకోవడానికి అంతకన్నా మంచి దిక్కు లేదు మరి.

ఉస్తాద్ మొహం వాడిపోయింది. "నా దుకాణానికొచ్చి చాయ్ తాగకుండ బండి ముట్టుకునుడా? మా అబ్బాజాన్ ఉన్నప్పటి నుంచి గట్ల ఎన్నడు జరగలే."

"బండి బాగైనంక ఎంతన్న తాగుదం, ఉస్తాద్," అన్నాడు గోపాలకృష్ణ. అహల్య వైపు తిరిగాడు. "పొద్దటి డ్యూటీ నాది, మధ్యాహ్నం ఖాళీ. ఎండల బండిని బాగ తిప్పుదం. ఆపుదం. మొండికేసిన నిమిషంలనే ప్లగ్గు ఊడదీసి చూడాలె. పొడిగుంటే ఇంజనుకు పెట్రోలే వస్తలేదన్నట్టు. అంటే తప్పు బండిది."

"తడిగుంటే?"

"పెట్రోలు ఎక్కువైందన్నట్టు. అంటే..." అతను స్టీరింగు వైపు చూశాడు. "అంటే నడిపేటోళ్ల చెయ్యి."

"తడిగుంటే మా అత్తమ్మ ముందర తడిగుందనే చెప్తరా?"

"ఎవరి ముందరైనా గంతే."

అహల్య అతన్ని పైనుంచి కిందికి చూసింది. అబద్ధమాడనని ఆడపిల్ల మొహం మీదే చెప్పే మగవాడు ఆమెకు ఇంతకుముందు తగల్లేదు. మెచ్చుకోవాలో తిట్టాలో తేల్చుకోలేకపోయింది.

"సరే, రేపు మధ్యాహ్నం తయారుగ ఉండుండ్రి," అంది. ఈసారి నువ్వు అనలేదని అతను గమనించాడు.

*

మర్నాడు తండ్రిని కోర్టు దగ్గర దింపి, అహల్య కారును దబీర్‌పురాకు తెచ్చింది. ముందు సీట్లో గోపాలకృష్ణ పానాలు, రెంచీలు ఒళ్లో పెట్టుకుని తలుపుకు అతుక్కుని కూర్చున్నాడు. వెనక సీటు రాధాబాయిది. చేతిలో తాటాకు విసనకర్ర, పక్కన మూత పెట్టిన మంచినీళ్ల చెంబు.

"పెండ్లిగాని పిల్ల, పరాయి పిలగాడు, మధ్యల నేను. బండి ఆగుతదా లేదా అని ఎండల తిరుగుడు! ఎవరన్న చూస్తే ఏమంటరు?"

"మీరున్నరని అంటరు, అత్తమ్మా," అంది అహల్య.

దబీర్‌పురా నుంచి చార్మినార్, చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి, మదీనా చౌరస్తా దాటి నయాపూల్, మళ్లీ వెనక్కి. ఇంజను కాగిపోయింది. ఇక ఆపుదామనుకునే సరికి ఆకాశం నల్లబడింది. దుమ్ము లేచింది. పత్తర్‌గట్టి మధ్యలో ఉండగా వాన దబదబమంటూ దిగింది.

బట్టల దుకాణాల వాళ్లు బయటికొచ్చి చేతులు చాచారు. పిల్లలు చొక్కాలు విప్పేశారు. రాధాబాయి కిటికీలోంచి చెయ్యి పెట్టి, "ఎంత చల్లగున్నదే!" అని మురిసిపోయింది. ఆ రోజు హైదరాబాదు మొత్తంలో వాన మీద కోపం వచ్చినవాళ్లు ఇద్దరే. వాళ్లిద్దరూ ఒకే కారులో ఉన్నారు.

"ఇయ్యాల్నే పడాల్నా?" అంది అహల్య.

"బానెట్ మీద ఆవిర్లు చూడుండ్రి. మొత్తం చల్లారిపోయింది."

ఆపి, మళ్లీ స్టార్టరు నొక్కింది. కారు మహా మర్యాదగా అందుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతని జుట్టు తడిసి నుదుటి మీద అతుక్కుంది. ఆమెకు నవ్వొచ్చింది. కోపంతో ఉన్నానని గుర్తు చేసుకుని ఆపుకోబోయింది కానీ ఆగలేదు.

"ఎందుకు నవ్వుతున్నరు?"

"ఏం లేదు. రేపు ఎండ కొట్టాలని దేవునికి మొక్కుండ్రి. పూజారి కొడుకు గద."

అతను నిజంగానే మొక్కాడు. వాళ్ల నాన్న చూసి, ఎండలు మండాలని మొక్కేవాణ్ణి నిన్నే చూశానన్నాడు.

*

మరుసటి రోజు ఎండ మాడ్చేసింది. కోర్టుకు కొంచెం దూరంలో, నీడ లేని చోట అహల్య ఇంజను ఆపింది. రోజూ తండ్రి కోసం ఎదురుచూసేటంత సేపూ కూర్చుని, స్టార్టరు నొక్కింది. ఇంజను తిరిగింది కానీ అందుకోలేదు. మళ్లీ నొక్కింది. లేదు.

"మొండికేసింది!" అహల్య చప్పట్లు కొట్టింది.

"మొండికేసింది!" గోపాలకృష్ణ గంతేసి దిగాడు.

"బండి ఆగితే పండుగ చేసుకునేటోళ్లను మిమ్ములనే చూసిన," అంది రాధాబాయి.

తొయ్యడానికి పరిగెత్తుకొచ్చిన ఇద్దరు టాంగావాళ్లను అహల్య రెండు చేతులూ చాచి ఆపింది. "తొయ్యకుండ్రి! చెయ్యి పెట్టకుండ్రి!" అని తనే అరిచింది. గోపాలకృష్ణ చేతిరుమాలు చుట్టుకుని, వేళ్లు కాలుతున్నా ప్లగ్గు విప్పి బయటికి తీశాడు.

దాన్ని ఎండలోకి ఎత్తి చూశాడు. ప్లగ్గు కొస నుంచి పెట్రోలు చుక్క జారింది. అతని వీపు ఆడవాళ్ల వైపు ఉంది. రుమాలు చేతిలోనే ఉంది. ఒక్క తుడుపు తుడిస్తే చాలు, ఎవరికీ తెలియదు. వెనక వాళ్లిద్దరూ మెడలు చాచి ఎదురుచూస్తున్నారు.

అతను వెనక్కి తిరిగి ప్లగ్గు చూపించాడు. "తడిగున్నది."

"నేను చెప్పలే?" అంది రాధాబాయి.

అహల్య మొహంలో రంగు పోయింది. తర్వాత గొంతు సవరించుకుని, "ఎట్ల తడిసింది?" అంది.

"మీరు ఎట్ల స్టార్ట్ చేస్తరో చేసి చూపియ్యుండ్రి."

చూపించింది. పెట్రోలు ఎక్కువ పంపే చోక్ పిడి పూర్తిగా లాగింది, ఎక్సిలేటరు గబగబా తొక్కి వదిలింది, అప్పుడు స్టార్టరు.

"ఇంజను ఎట్లున్నా గిట్లనేనా? వేడి మీద గూడ?"

"ఎప్పుడైనా గిట్లనే. బాపు గిట్లనే నేర్పిండు."

"అది పొద్దుగాల చల్ల ఇంజనుకు. వేడిదానికి చోక్ లాగితే పెట్రోలు ఎక్కువై మునుగుతది." అతని గొంతు తగ్గింది. తిట్టినా బాగుండేదని అనిపించింది అతనికి. ఆమె తిట్టలేదు. పెదవి కొరుక్కుని, చోక్ లోపలికి తోసేసి, అతను ప్లగ్గు బిగించేదాకా స్టీరింగు పట్టుకుని కూర్చుంది.

"ఇగ అయిపోయినట్టే గద?" అంది రాధాబాయి, కొంచెం మెత్తగానే.

"కాలే, అత్తమ్మా. నా తప్పు ఎంతో తెలిసింది. బండి తప్పు ఎంతో ఇంక తెల్వలే. రేపు చోక్ ముట్టను. అప్పుడు గూడ ఆగుతదేమో చూడాలె." గోపాలకృష్ణ వైపు తిరిగింది. "వస్తరా, లేకుంటే ఈ తడి ప్లగ్గుతోని మీ పని అయిపోయిందా?"

"వస్త," అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో అతనికే ఆశ్చర్యం వేసింది. కారు సంగతి కాదు, అమ్మాయి సంగతి మొదలైంది ఇక్కడే.

*

మూడో రోజు మధ్యాహ్నం అదే ఎండ, అదే చోటు. ఈసారి అహల్య చోక్ ముట్టలేదు. ఎక్సిలేటరు మెల్లగా తొక్కి అలాగే ఉంచి, స్టార్టరు నొక్కింది. అందుకోలేదు. మళ్లీ అందుకోలేదు.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అహల్య దిగి వచ్చి, అతని భుజం పక్కనే నిలబడింది. ప్లగ్గు బయటికొచ్చింది.

ఎండు మిరపకాయలా పొడిగా ఉంది.

"పొడి!" అంది అహల్య, అతను చెప్పకముందే. "అత్తమ్మా, దిగి చూడుండ్రి, పొడి!"

గోపాలకృష్ణ అప్పటికే ఇంజనులోకి తల దూర్చాడు. పంపు నుంచి కార్బురేటరుకు పోయే సన్నటి రాగి గొట్టం కొస వదులు చేస్తే, పెట్రోలు రాలేదు. సుయ్యిమని ఆవిరి వచ్చింది. గొట్టం వెంబడి వేలు చూపించుకుంటూ పోయాడు. అది నేరుగా పొగగొట్టాన్ని ఆనుకుని పోతోంది.

"ఇగో, దొరికింది! బండి నడిచినంత సేపు గాలి తగిలి బతుకుతున్నది. ఆపంగనే ఈ వేడికి గొట్టంల పెట్రోలు మసిలి ఆవిరైతున్నది. ఆవిరిని పంపు గుంజలేదు. రుజువు కావాలంటే దీని మీద చల్లనీళ్లు పొయ్యాలె. నీళ్లు... నీళ్లు ఎక్కడ?"

ఇద్దరి చూపూ రాధాబాయి చెంబు మీద పడింది.

"నా మడినీళ్లా? బండికా?" రాధాబాయి చెంబును గుండెకు హత్తుకుంది. తర్వాత మేనకోడలి మొహం చూసింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మొహం అది. చెంబు మూత తీసి తనే ముందుకొచ్చింది. "ఎక్కడ పొయ్యాల్నో చెప్పు."

రుమాలు గొట్టానికి చుట్టారు. రాధాబాయి ధారగా పోసింది. గోపాలకృష్ణ కొస బిగించాడు. అహల్య పరిగెత్తుకెళ్లి స్టార్టరు నొక్కింది. కొంచెం తిరిగి, ఇంజను అందుకుంది.

"అయితే గుండయ్య ఉన్నప్పుడు ఎందుకు ఆగలే?" అని అడిగింది రాధాబాయి, ఓడిపోవడం ఇష్టం లేని గొంతుతో. "వాడు దినమంతా ఇంజను నడిపిస్తనే కూసుంటుండె. కోర్టు ముందర ఎన్నడు ఆపేటోడు కాదు. ఆ పొగకు నాకు తలనొప్పి..." అంటూ ఆగిపోయింది. తను ఏం చెప్పిందో తనకే అర్థమైంది.

"ఆపేటోడు కాదా, అత్తమ్మా?" అంది అహల్య చాలా నెమ్మదిగా.

"పెట్రోలు ఖరాబు చేస్తున్నవని మీ నాయిన వాణ్ణి రోజు తిట్టేటోడు. నీకు మొదటి దినమే చెప్పిండు గద, ఆపి కూసో అని." రాధాబాయి ఖాళీ చెంబు వైపు చూస్తూ, "నిన్ను ఊకె అన్న బిడ్డా," అంది.

*

కార్ఖానాలో జహంగీర్ ఉస్తాద్ ఆ గొట్టాన్ని చూసి తల గోక్కున్నాడు.

"ఇది నేనే ఏసిన. యుద్ధంల పెట్రోలు దొరకలే. వకీల్ సాబ్ బండికి వెనక బొగ్గుల పొయ్యి కట్టించి, ఆ గ్యాసు మీద నడిపించుకున్నడు, యాదికున్నదా? లడాయి అయినంక పొయ్యి పీకేసి మళ్ల పెట్రోలు గొట్టం ఏసిన. అప్పట్ల రాగి దొరికేది కాదు. ఉన్న ముక్కతోని దగ్గరి దారి పట్టిన. తప్పు నాది. నా చేత్తోనే సరి చేస్త."

కొత్త గొట్టాన్ని పొగగొట్టానికి దూరంగా వంచాడు. రెంటికీ మధ్య ఒక రేకు అడ్డు పెట్టమని గోపాలకృష్ణకు పురమాయించాడు. అప్పుడు నోరు తెరిచి, "ఇప్పుడన్న చాయ్ తాగుతరా?" అని దీనంగా అడిగాడు. రాధాబాయి కూడా నవ్వేసింది.

గోపాలకృష్ణ రేకుకు రంధ్రాలు పొడుస్తుంటే, అహల్య కప్పుతో పక్కకొచ్చి నిలబడింది.

"ఒక్క మాట అడుగుత. నిన్న ఆ ప్లగ్గు తుడిచేస్తే ఎవరికీ తెల్వకపోయేది. ఎందుకు తుడవలే?"

అతను తలెత్తలేదు. "తుడిస్తే ఇయ్యాల గూడ నువ్వు చోక్ లాగేదానివే. బండి సంగతి ఎన్నటికీ తెల్వకపోయేది."

నువ్వు అన్నాడని అతను గమనించలేదు. ఆమె గమనించింది.

"గందుకేనా?"

"గందుకే."

"సరే," అంది అహల్య. చాయ్ సగం వదిలేసి వెళ్లిపోయింది. గోపాలకృష్ణ పొడిచిన తర్వాతి రంధ్రం వంకరగా వచ్చింది. అబద్ధమాడనివాడు అబద్ధమాడితే పని చెడక ఏమవుతుంది?

*

కోర్టు ఆఖరి రోజు వచ్చింది. గేటు ముందు, అందరూ చూసే చోటే, అహల్య కారు ఆపి ఇంజను కట్టేసింది. వెనక రాధాబాయి. ప్రహరీ గోడ పక్కన ఉతికిన చొక్కాతో గోపాలకృష్ణ.

వామన్‌రావు బయటికొచ్చి, కావాలనే ప్రతి క్లయింటునూ పలకరించాడు. ఒకాయన పిల్లల చదువులు కూడా అడిగాడు. చివరికి గోపాలకృష్ణను పిలిచాడు.

"ఏమయ్యా, మొండికేసేటంత సేపు అయిందా?"

"అయింది సార్."

తొయ్యడానికి మనుషులు చేరనే చేరారు. అహల్య చోక్ వైపు చూడలేదు. ఎక్సిలేటరు మెల్లగా తొక్కి పట్టింది. స్టార్టరు నొక్కింది. ఇంజను ఒక్కసారి తిరిగి అందుకుంది.

గుమాస్తాలు నిరాశగా నడుములు నిటారు చేసుకున్నారు. వామన్‌రావు చెవి రిక్కించి విన్నాడు. కానీ వకీలు ఊరికే ఒప్పుకుంటే ఇంకేముంది?

"సాక్షిని విచారించాలె. తప్పు ఎవరిది?"

"గొట్టానిది సార్. కొంత చోక్‌ది."

"వేడి మీద చోక్ లాగమని ఎవరు నేర్పిండ్రు?"

"మీరే."

గుమాస్తాలు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. వామన్‌రావు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "గుండయ్య నడిపినప్పుడు ఎందుకు ఆగలే?"

"వాడు ఇంజనే ఆపేటోడు కాదు, అన్నా! దానికి నేను సాక్ష్యం!" అని వెనక సీట్లోంచి కేక వినిపించింది.

"అయితే మా అమ్మాయి చెయ్యి?"

"మా బస్సులు నడిపేటోళ్లల్ల గూడ గసొంటి చెయ్యి చూడలే సార్. తప్పని తెలిస్తే మర్నాటికి మార్చుకునే చెయ్యి."

వామన్‌రావు తలూపాడు. "బండి అమ్మను. సేటుకు నేనే చెప్త. నడిపేది అహల్యనే." ఇక వెళ్లబోతూ, ముప్పై ఏళ్లుగా ప్రతి సాక్షినీ అడిగే ప్రశ్న అలవాటు కొద్దీ అడిగాడు. "ఇది గాక ఇంకేమన్న దాచినవా?"

లేదంటే సరిపోయేది. గోపాలకృష్ణ నోరు తెరిచాడు, మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఒకటి దాచిన."

"ఏంది?"

"తడి ప్లగ్గు ఎందుకు తుడవలేదని ఆమె అడిగింది. బండి కోసం అన్న. అది సగమే నిజం. అబద్ధం చెప్పి ఆమెను ఆ పూట సంతోషపెడితే, మళ్ల ఆమె ముందర తలెత్తుకుని నిలబడలేననిపించింది. ఆమె ముందర దినాం నిలబడాలని ఉంది సార్ నాకు. జిందగీ అంతా."

అత్తరాయన చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. వామన్‌రావుకు ఇన్నేళ్లలో ఏ సాక్షీ ఇలాంటి జవాబు చెప్పలేదు. తర్వాతి ప్రశ్న ఏమిటో ఆయనకే తోచలేదు. తోచింది రాధాబాయికి.

"వాళ్లమ్మ రుక్మాబాయి నాకు ఎరుకే, అన్నా. నిన్ననే పోయి మాట్లాడొచ్చిన. గోత్రం గూడ అడిగిన. కుదురుతది."

"నిన్ననేనా!" అన్నాడు గోపాలకృష్ణ.

"మూడు దినాలు వెనక సీట్ల కూసున్నది కళ్లు మూసుకోనీకె కాదు నాయినా."

వామన్‌రావు కూతురి వైపు వంగాడు. ఇంజను మోత మీదుగా గొంతు పెంచాడు. "విన్నవా, అహల్యా? నువ్వేమంటవ్?"

అహల్య తాళంచెవి తిప్పింది. ఇంజను ఆగిపోయింది. గేటు ముందంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"ఇంత ఎండల ఎందుకాపినవే?" వామన్‌రావు కంగారుపడ్డాడు.

"ఇసొంటి మాట మోతల చెప్పొద్దు బాపూ, సాఫ్ వినపడాలె." ఆమె గోపాలకృష్ణ వైపు తిరిగింది. మొహం ఎర్రబడింది కానీ చూపు దించలేదు. "నాకు ఇష్టమే. సగం నిజం చెప్పిన దినం నుంచి మిగిలిన సగం కోసమే చూస్తున్న. ఇగ ఎక్కుండ్రి, బాపూ మీరు గూడ. శాలిబండకు పోదాం. మీ అమ్మకు మాత్రం సగం చెప్పకుండ్రి, మొత్తం చెప్పుండ్రి."

తలుపులు మూసుకున్నాయి. ఆమె స్టార్టరు నొక్కింది, ఇంజను అందుకుంది.